‘వచ్చు’ వద్దు!

అయ్యలారా, అమ్మలారా! మన భాషకు పట్టిన చీడ ఏమిటో నేను కనిపెట్టేశాను. అది రెండే రెండక్షరాల మాట. ‘వచ్చు’.

కావచ్చు, రావచ్చు, ఉండవచ్చు, లేకపోవచ్చు... ఈ తోకను కత్తిరించి పారేస్తే తప్ప మనం బాగుపడం. బాగుపడకపోవచ్చు అనడం లేదు, గమనించండి. బాగుపడం అంటున్నాను!

నమ్మకం కలగడం లేదా? అయితే మా ఇంటి కుళాయి సంగతి వినండి. అది కారడం మొదలుపెట్టిన రోజే ప్లంబరుకు ఫోన్ చేశాను. ‘రేపు రావచ్చు సార్’ అన్నాడు. ఆ ‘వచ్చు’ను నమ్ముకుని ఇంటిల్లిపాదీ తొమ్మిది రోజులు బకెట్లతో కాపురం చేశాం. అదే మొదటిరోజే ‘నేను రాను పొండి’ అని ఉంటే ఇంకొకణ్ణి పిలుచుకునేవాళ్ళం కదా?

మా మేనల్లుడిది ఇంకో కథ. ఇంటర్వ్యూ అయ్యాక ‘మీకు కబురు రావచ్చు’ అన్నారట. అప్పట్నుంచి వాడు స్నానాల గదిలోకి కూడా ఫోన్ పట్టుకునే వెళ్తున్నాడు. ఏడాదిన్నర అయింది. ఫోను రెండుసార్లు నీళ్ళలో పడింది గానీ కబురు మాత్రం రాలేదు. వాడు ఇంకో ఉద్యోగం వెతుక్కోడు, పాత ఉద్యోగానికి సరిగ్గా వెళ్ళడు. అడిగితే ‘రావచ్చు అన్నారు కదా మామయ్యా’ అంటాడు.

వాతావరణం వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడవచ్చు.’ ఎక్కడండీ ఆ ఒకటి? ఏదండీ ఆ రెండు? వాళ్ళ ‘వచ్చు’ పుణ్యమా అని నేను ఇప్పటికి పదకొండు గొడుగులు బస్సుల్లో మర్చిపోయాను. పన్నెండోది కొనడానికి వెళ్ళిన రోజు వాన పడింది.

అదే మా వీధి చివర సెలూన్ ఆయన్ను చూడండి. జుట్టు ఎందుకు రాలుతుందో, యుద్ధాలు ఎందుకొస్తాయో, కిడ్నీలో రాయి ఎలా కరుగుతుందో అన్నీ ఆయనకు తెలుసు. ‘ఇదింతే సార్, రాసిపెట్టుకోండి’ అంటాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన చేతికి తల అప్పగిస్తున్నాను, ఆయన నోట ‘వచ్చు’ అన్న మాట ఒక్కసారి వినలేదు. అందుకే అక్కడ కూర్చోడానికి కుర్చీ దొరకదు.

మరి పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్త ఉపన్యాసానికి వెళ్ళి చూడండి. ఆరుగురుంటారు. అందులో ఇద్దరు ఏసీ చల్లదనం కోసం వచ్చినవాళ్ళు. ఎందుకంటారు? ఆ పెద్దమనిషి గంటన్నర మాట్లాడి, బొమ్మలు చూపించి, చెమటలు తుడుచుకుని, చిట్టచివర్న ‘కావచ్చు’ అంటాడు కనుక!

నేనెవరో చెప్పలేదు కదూ. ఈ పత్రికలో ప్రతి ఆదివారం ఈ మూల కూర్చుని మిమ్మల్ని నవ్వించేది నేనే. అది నా సరదా. నా అసలు ఉద్యోగం ఆరోగ్యం పేజీ. వార్తలు సరిదిద్దడం, శీర్షికలు పెట్టడం, పట్టనిదాన్ని పట్టేలా కోయడం. ఆఫీసులో నన్ను అందరూ ‘కత్తెర’ అంటారు. మొదట్లో నొచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడను.

ఈ కత్తెరతో నేను చేసిన ప్రజాసేవ అంతా ఇంతా కాదు. ‘కాఫీ గుండెకు మేలు చేయవచ్చు’ అని ఒక సోమవారం వార్త వస్తే ‘కాఫీతో గుండె పదిలం’ అని శీర్షిక పెట్టాను. గురువారం ఇంకో పరిశోధన వచ్చింది. ‘గుండెకు కాఫీ గండం’ అని పెట్టాను. కాఫీ తాగేవాళ్ళు సోమవారం పేపరు దాచుకున్నారు. మానేసినవాళ్ళు గురువారంది దాచుకున్నారు. రెండు పక్షాలూ సంతోషించాయి. ఆ ‘వచ్చు’ను రెండు చోట్లా ఉంచి ఉంటే ఎవరు సంతోషించేవారు చెప్పండి?

సరే, ఇక అసలు సంగతికి వస్తాను. కడుపు!

మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నాయని మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీరు నా పేజీ చదవడం లేదన్నమాట. వాటిలో మంచివి ఉన్నాయి, చెడ్డవి ఉన్నాయి, ఎవరిది పైచేయి అయితే వాళ్ళ పక్షాన చేరేవీ ఉన్నాయి. అచ్చం మన ఆఫీసుల్లో లాగానే.

ఈ పేగుల మాహాత్మ్యం శాస్త్రవేత్తలు ఇప్పుడు కనిపెట్టారు గానీ మన భాష ఎప్పుడో చెప్పింది. మనకు దుఃఖం వస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎదుటివాడు బాగుపడితే కడుపు మండుతుంది. తల్లీబిడ్డలది పేగు బంధం. చదువురానివాడి పొట్ట కోస్తే అక్షరమ్ముక్క రాదు. ఇంట్లో గుట్టు బయటికి చెప్పుకుందామంటే, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని భయం. ఇన్ని వ్యవహారాల్లో వేలు పెట్టే పేగులు ఒక్క క్యాన్సర్ జోలికి మాత్రం ఎందుకు పోకుండా ఉంటాయి?

పోతున్నాయట! ఆ వార్త నా బల్ల మీదకు వచ్చింది. క్యాన్సర్‌కు ఈమధ్య కొత్తరకం మందు ఒకటి ఎక్కిస్తున్నారు. అది గడ్డను నేరుగా చంపదు. ఒంట్లో నిద్రపోతున్న రక్షణ బలగాన్ని తట్టిలేపి గడ్డ మీదకు ఉసిగొల్పుతుంది. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. ఎందుకని వెతికితే, బాగా పనిచేసినవాళ్ళ పేగుల్లో కొన్ని రకాల సూక్ష్మజీవులు ఎక్కువగా కనబడ్డాయి. వాటి సాయం వల్లే మందు పనిచేసి ఉండవచ్చు. యాంటీబయాటిక్ మాత్రలు వాడితే ఆ మంచి సూక్ష్మజీవులు కూడా చచ్చిపోవచ్చు. అప్పుడు క్యాన్సర్ మందు అంతగా పనిచేయకపోవచ్చు. అయితే ఇదే కారణమని ఇప్పుడే తేల్చలేం, ఇంకా పరిశోధించాలి.

చూశారా వరస! మనిషన్నవాడు ఇలా రాస్తాడా? సైన్సు వార్తలు అనువాదం చేసే అమ్మాయి మాటకు మాట దింపేసింది. రెండు కాలమ్‌ల వార్తలో నేను లెక్కపెడితే పదిహేడు ‘వచ్చు’లు తేలాయి. పదహారు ఏరి పారేశాను. ఆఖరి పేరాలో ఒకదాన్ని జాలిపడి వదిలేశాను. ఇంతలో పక్కనున్న పరుపుల ప్రకటన అంగుళం పొడుగు పెరిగింది, ఆ పేరా కాస్తా ఎగిరిపోయింది. అందులో నా తప్పేం లేదు. పరుపుది తప్పు.

ఇక శీర్షిక. ఆ అమ్మాయి పెట్టింది ‘యాంటీబయాటిక్ వాడితే క్యాన్సర్ మందు పనిచేయకపోవచ్చు’. శీర్షికకిచ్చిన గడిలో పట్టలేదు. అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ‘పనిచేయకపోవచ్చు’ అంటే ఎనిమిదక్షరాలు. ‘పనిచేయదు’ అంటే ఐదు. కావాలంటే వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. ఒక్క వేటుకు మూడక్షరాలు ఆదా! మిగిలిన చోట్లో ఒక ఆశ్చర్యార్థకం కూడా ఇమిడింది.

యాంటీబయాటిక్ వాడితే క్యాన్సర్ మందు పనిచేయదు!

ఆ అమ్మాయి నా కుర్చీ పక్కన వచ్చి నిలబడింది.

“సార్, దీంతో అర్థం మారిపోతుందేమో కదండీ?”

“అర్థం మారితే మారింది, లైను మారలేదు కదా!” అన్నాను.

చుట్టుపక్కల నలుగురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి నవ్వకుండా తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. కొత్తగా చేరింది, ఇంకా పని వంటబట్టలేదులే అనుకున్నాను.

మర్నాడు సోమవారం చూడాలి నా వైభవం! మా పక్కింటి రిటైర్డ్ లెక్చరర్ నడకకు వెళ్తూ ఎదురుపడిన ప్రతివాణ్ణీ ‘మీ సూక్ష్మజీవులు క్షేమమేనా?’ అని పలకరించాడు. మందుల షాపువాడు అట్టముక్క మీద ‘ఇచ్చట మంచి బ్యాక్టీరియా దొరుకును’ అని రాసి వేలాడదీశాడు. మా ఆఫీసులో ప్రకటనలు చూసే అతను మధ్యాహ్నం వరసగా నాలుగు కప్పుల పెరుగు తిని, మూడింటికి బల్ల మీద తల పెట్టి గుర్రుపెట్టాడు. లోపల అంతా సర్దుకుంటోందని చెప్పాడు.

మా పిన్ని అయితే సాయంత్రానికల్లా ఒక పొడి డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చేసింది.

“ఇది మీ అక్కకివ్వరా. గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాలు. ఇందులో యాభై కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయంట. అన్నీ మంచివే, ఒక్కటి కూడా చెడ్డది లేదు.”

“నువ్వు చూశావా పిన్నీ అన్నిటినీ?”

“డబ్బా మీద రాసుందిరా వెధవా!”

అదండీ అచ్చులో పడ్డ మాటకున్న బలం. అన్నట్టు ఈ పేగుల వార్తల వల్ల ఇంకో గొప్ప మేలు కూడా జరిగింది. పూర్వం క్యాన్సర్ వచ్చినవాళ్ళను చూడ్డానికి వెళ్తే ఏం మాట్లాడాలో ఎవరికీ తోచేది కాదు. ఫ్యాన్ వైపు చూసి, గోడ గడియారం వైపు చూసి, ‘మరి వెళ్ళొస్తాం’ అనేవారు. ఇప్పుడా ఇబ్బంది లేదు! ఏం తింటున్నావు, ఎన్నింటికి తింటున్నావు, విరేచనం సాఫీగా అవుతోందా, ఏ రంగులో అవుతోంది... గంట ఇట్టే గడిచిపోతుంది. చివర్న లేస్తూ ‘ఇన్నాళ్ళూ తిండి సరిగ్గా తిని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా’ అని ఒక మాట అనేస్తే చూడ్డానికి వెళ్ళినవాళ్ళ మనసు తేలికపడుతుంది. రోగం రోగి తప్పని తేలితే మిగిలినవాళ్ళకు ఎంత ధైర్యం!

పిన్ని డబ్బా తెచ్చింది మా అక్క కోసం కనుక ఆవిడ సంగతి కూడా కాస్త చెప్పాలి.

మా అక్క ముప్ఫై ఏళ్ళు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. నేను ఈ పత్రికలో చేరిన రోజు నుంచి ఆవిడ దీన్ని ఎర్రకలం పట్టుకుని చదువుతుంది. తప్పు కనబడితే చుట్టూ సున్నా చుట్టి ఫొటో తీసి నాకు పంపుతుంది. ‘మూడో పేజీలో మంత్రిగారికి దీర్ఘం ఊడిపోయిందిరా తమ్ముడూ’ అంటుంది. ‘ఒకే వాక్యంలో ఇద్దరు కర్తలు కొట్టుకుంటున్నారు, విడదీయి’ అంటుంది. ఎనిమిది నెలల కిందట ఆవిడకు కిడ్నీలో క్యాన్సర్ అని తేలింది. ఆస్పత్రి మంచం మీద కూడా ఎర్రకలం వదల్లేదు. నేను చెప్పిన ఆ కొత్తమందే ఆవిడకూ ఎక్కిస్తున్నారు. రెండు స్కాన్‌లలో గడ్డ తగ్గుతూ వచ్చింది. ఇంటిల్లిపాదిమీ కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

ఈలోగా ఆవిడకు జ్వరం తగిలింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. క్యాన్సర్ డాక్టరుగారే ఏడు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు రాసిచ్చారు. శనివారం మొదలుపెట్టింది. సోమవారం నా శీర్షిక వచ్చింది.

అక్క ఆ పేజీ అంతా శ్రద్ధగా చదివింది. చదివి నాకు ఫొటో పంపింది. ఒక్క ఎర్రగీత లేదు! ముప్ఫై ఏళ్ళ పంతులమ్మ వెతికినా నా పేజీలో తప్పు దొరకలేదు! పైగా కింద మార్జిన్లో ‘శభాష్ తమ్ముడూ’ అని రాసింది. ఆ ఫొటో నేను ఆఫీసంతా తిప్పి చూపించాను.

ఆ మధ్యాహ్నం నుంచి అక్క మాత్రలు వేసుకోవడం మానేసింది.

మా బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన పేపరు చదవడు. ఏదైనా పాడైతే విప్పి చూస్తాడు, బాగైతే మూసేస్తాడు, మాట్లాడడు. పూటపూటా మాత్ర టైముకు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. అక్క నీళ్ళు తాగేది. మాత్ర మాత్రం పాత కళ్ళజోడు పెట్టెలో పడేసేది. మంచి సూక్ష్మజీవుల్ని కాపాడుకుంటోంది మరి!

గురువారం పొద్దున్న బావ ఫోన్ చేశాడు.

“మీ అక్క వణుకుతోంది. మంచం ఊగుతోంది. రా.”

బావ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను వాళ్ళ పెళ్ళయ్యాక వినలేదు. నేను వెళ్ళేసరికి ఆస్పత్రిలో చేర్చేశారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. రెండు చేతులకూ సూదులు గుచ్చి సీసాలు వేలాడదీశారు. అక్క మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

డాక్టరుగారు కాగితాలు చూసి తలెత్తింది.

“ఏడు రోజులు వాడమన్నాను కదమ్మా. ఎవరు ఆపమన్నారు?”

“పేపర్లో వచ్చిందండీ,” అంది అక్క. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

“ఏ పేపర్లో?”

అక్క నావైపు చూడలేదు. బావ చూశాడు. నేను కిటికీలోంచి కింద ఆగి ఉన్న స్కూటర్లను ఎంతో శ్రద్ధగా పరిశీలించాను. పద్నాలుగు ఉన్నాయి.

డాక్టరుగారికి విషయం అర్థమైపోయింది. నన్ను బయటికి పిలిచింది.

“ఆ పరిశోధన నేనూ చదివానండి. తప్పేం లేదు అందులో. వాళ్ళు ఎంత జాగ్రత్తగా రాశారో తెలుసా? పనిచేయకపోవచ్చు అన్నారు. యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చినవాళ్ళు అసలే ఎక్కువ జబ్బుతో ఉండి ఉండొచ్చు, అందుకే మందు పనిచేసి ఉండకపోవచ్చు అని కూడా అన్నారు. అవసరం లేకుండా వాడొద్దని దానర్థం. ఒంట్లో ఇన్ఫెక్షన్ పెట్టుకుని మాత్రలు మానేయమని కాదు. మూడు రోజులాగి తీసుకొచ్చారు, ఇంకో పూట ఆగుంటే?”

నాకు కావలసింది ఒక్కటే అడిగాను.

“అక్కకి తగ్గుతుంది కదండీ?”

“తగ్గవచ్చు.”

“తగ్గుతుంది అని చెప్పొచ్చు కదా డాక్టరుగారూ, ఒక్క మాటేగా!”

“చెప్పలేనండి. రేపు రక్తపరీక్ష వచ్చాక ఇంకాస్త గట్టిగా చెప్తాను,” అని వెళ్ళిపోయింది.

చూశారా మొండితనం! నేను బతిమాలినా ఆవిడ తన వాక్యంలో ఒక్క అక్షరం కోయనివ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వరండాలో బల్ల మీద కూలబడి ఆ ‘వచ్చు’ను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఇదేం భాషండీ బాబూ! ‘నాకు ఈత వచ్చు’ అంటే తెలుసని అర్థం. ‘వాన రావచ్చు’ అంటే తెలియదని అర్థం. తెలిసినదానికీ తెలియనిదానికీ కలిపి ఒక్క మాట పెట్టుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?

అప్పుడు తట్టింది. ఆ డాక్టరుకు వైద్యం వచ్చు, అందుకే ‘తగ్గవచ్చు’ అంది. నాకు రాదు, అందుకే ‘పనిచేయదు’ అన్నాను. అయినా ఇది భాషలో ఉన్న లోపమే గానీ నా లోపం కాదని తేల్చుకుని, లోపలికి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

ఆరు రోజులు సీసాలు ఎక్కించారు. బుధవారం ఇంటికి పంపారు. జ్వరం తగ్గింది. కానీ ఆ వారం ఎక్కించాల్సిన క్యాన్సర్ మందు ఎక్కించలేదు. ఒళ్ళు తట్టుకోదని వాయిదా వేశారు. ఈలోగా లోపల గడ్డ ఏం చేస్తుందో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చే నెల స్కాన్.

“మాత్రలు ఆపేముందు ఒక్కసారి డాక్టర్ని అడగొచ్చు కదక్కా?” అన్నాను, ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాక.

“నువ్వు వేశాక మళ్ళీ డాక్టర్ని అడగడమేంట్రా? నిన్ను నమ్మనట్టు కాదూ?” అంది. మళ్ళీ తనే, “ఒక్క అక్షరదోషం కూడా లేదురా. అందుకే నమ్మేశాను,” అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేకపోయాను. పోన్లెండి, కన్నీళ్ళు కళ్ళకు మంచివని మా ఆరోగ్యం పేజీలోనే ఒకసారి వేశాం. అక్కడ కూడా ‘వచ్చు’ లేదు.

ఇంతలోనే మీరు నా సిద్ధాంతం మారిపోయిందనుకోకండి. నేనలాంటివాణ్ణి కాదు. కాకపోతే అక్క ఆస్పత్రిలో చేరిన మర్నాడే ఎడిటరుగారి గదిలోకి వెళ్ళాను. సవరణ వేయాలన్నాను. రెండే లైన్లు.

“సవరణా?” అన్నాడాయన. “పేరు తప్పు పడితే వేస్తాం. ఫొటో తారుమారైతే వేస్తాం. ‘వచ్చు’ పడలేదని ఎవడైనా సవరణ వేస్తాడటయ్యా? ఎవరన్నా ఫిర్యాదు చేశారా?”

“మా అక్క ఆస్పత్రిలో ఉందండీ.”

“అయ్యో! ఎలా ఉంది? అవసరమైతే సెలవు పెట్టుకో,” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తర్వాత మెల్లగా, “ఆవిడేమన్నా కేసు వేస్తుందా?” అన్నాడు.

“మా అక్క నా మీద కేసెందుకేస్తుందండీ?”

“మరింకేం! ఈ వారం చోటు అసలు లేదు. వచ్చే వారం చూద్దాం.”

వచ్చే వారమూ వచ్చింది. పరుపులవాళ్ళు ఈసారి అర పేజీ తీసుకున్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే ప్రశ్న వేశాడు, ఒక్కరైనా ఫిర్యాదు చేశారా అని. చివరికి విసుగొచ్చి, “నీ ఆదివారం కాలమ్ ఉందిగా? మనసు కాస్త తేలికపడుతుంది, ఏదన్నా నవ్వొచ్చేది రాసుకో పో,” అన్నాడు. సవరణకు రెండు లైన్ల చోటు లేని పత్రికలో నవ్వులాటకు ఇంత చోటుంది. నాకిచ్చిన ఆ చోట్లోనే మీరిప్పుడు ఉన్నారు.

ఒక్క ఫిర్యాదైనా దొరికితే సవరణ వేయించవచ్చు కదా అని ఫోన్లు ఎత్తే ఆవిడ దగ్గరకు వెళ్ళాను. పాఠకులు ఎవరు ఫోన్ చేసినా ఆవిడే మాట్లాడుతుంది. ఆవిడ దగ్గరో పెద్ద పుస్తకం ఉంది. ఒకవైపు ఫిర్యాదులు, ఒకవైపు మెచ్చుకోళ్ళు. నేను చెప్పిన సోమవారం పేజీ తీసింది. ఆరోగ్యం పేజీ, ఫిర్యాదులు, సున్నా. మెచ్చుకోళ్ళ వైపు నాలుగు నిలువు గీతలున్నాయి.

“నాలుగొచ్చాయి సార్, చూశారా!” అంది సంతోషంగా. “ఒకావిడైతే ఎంతసేపు మాట్లాడిందో! వాళ్ళాయనకి క్యాన్సరంట. మీరు రాసిన ఆ కొత్తమందే ఎక్కిస్తున్నారంట. జ్వరమొస్తే ఏవో మాత్రలిచ్చారంట. ‘పేపరు చూసి పొద్దున్నే ఆపించేశానమ్మా, దేవుడిలా సమయానికి చెప్పారు, ఆ రాసినాయనకి నా దండాలు చెప్పు’ అంది. మీకు చెప్పడం మర్చిపోయాను. ఏమనుకోకండి సార్.”

“ఆవిడ నంబరు?”

“నంబరు లేదు సార్.”

“పేరు?”

“పేరూ రాసుకోలేదు. తిట్టినవాళ్ళవైతే పేరూ నంబరూ అన్నీ రాస్తాం సార్, మళ్ళీ మాట్లాడి సర్దిచెప్పాలి కదా. మెచ్చుకుంటే గీత పెడతాం, అంతే. మెచ్చుకున్నవాళ్ళతో మనకింక పనేముంటుంది?”

ఆ ఫోనులో పాత నంబర్లు నిలవవు. నేను అడిగి చూశాను. ఆ పుస్తకంలో ఆ గీతను చాలాసేపు చూశాను. మిగతా మూడూ ఎవరివో ఆవిడకు గుర్తులేదు.

కనుక పాఠక మహాశయులారా, నవ్వుకోవాల్సింది అయిపోయింది. మీరిక పక్క పేజీకి వెళ్ళవచ్చు. ఇక్కణ్ణుంచి ఒక్కావిడతోనే నాకు పని.

అమ్మా! మీ దండాలు నాకు ఆలస్యంగా అందాయి. అవి నాకు చెల్లవు. ఆ శీర్షిక తప్పు. ‘పనిచేయకపోవచ్చు’ అని ఉండాలి. చోటు చాలక కోసింది నేనే. పదమూడు రోజులైంది, మీ ఆయనకు ఎలా ఉందో నాకు తెలియదు. ఈ పేపరు పక్కన పెట్టేసి ఇప్పుడే వాళ్ళ డాక్టరుకు ఫోన్ చేయండి. ఆదివారమని ఎత్తకపోతే ఆస్పత్రికే తీసుకెళ్ళండి. మాత్రలు ఆపామని చెప్పండి, ఏ రోజు ఆపారో చెప్పండి. ఎందుకు ఆపారని అడిగితే నా పేరు చెప్పండి. మిగతా ముగ్గురిలో ఎవరైనా ఇలాగే చేసి ఉంటే మీరూ వెంటనే డాక్టరుకు చెప్పండి.

అదయ్యాక మా ఆఫీసుకు ఫోన్ చేయండి. నన్ను తిట్టండి. నోటికొచ్చినట్టు తిట్టండి, ఫర్వాలేదు. పొరపాటున కూడా మెచ్చుకోకండమ్మా. తిడితేనే మీ నంబరు రాసుకుంటారు.